దుబాయి ఎంత దూరం? ఎంత సేపు?

నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల పల్లెల నుంచి ఎంతోమంది పని కోసం దుబాయి పోతారు. హైదరాబాదు దగ్గర శంషాబాదులో విమానం ఎక్కుతారు.

నిజామాబాదు నుంచి హైదరాబాదు సుమారు 175 కిలోమీటర్లు. బస్సులో దాదాపు 4 గంటలు.

హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,500 కిలోమీటర్లు. విమానంలో ఇదీ దాదాపు 4 గంటలే!

టికెట్టు మీద ఇలా ఉందనుకుందాం:

బయలుదేరేది ఉదయం 10.00
చేరేది పగలు 12.30

అంటే రెండున్నర గంటలేనా? కాదు. టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి టైము వేస్తారు. దుబాయి మనకు పడమర దిక్కున ఉంది. అక్కడ మనకంటే ఆలస్యంగా పొద్దు పొడుస్తుంది. అందుకే అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. 12.30కి గంటన్నర కలపండి. మన గడియారంలో 2 గంటలు.

ఈ లెక్క తెలియకపోతే ఏమవుతుంది? 12.30 నుంచే ఫోను కోసం చూస్తాం. రాకపోతే గుండె దడదడలాడుతుంది. లెక్క తెలిస్తే నిబ్బరంగా ఉంటాం. విమానం దిగినా, బయటికి వచ్చేసరికి ఇంకొంత సేపు పడుతుంది. అదీ గుర్తుంచుకోండి.

మీరే లెక్క చేయండి

దుబాయిలో రాత్రి 9 గంటలకు విమానం బయలుదేరింది. ప్రయాణం 4 గంటలు అనుకుందాం. హైదరాబాదులో దిగేసరికి మన గడియారంలో ఎంతవుతుంది?

(జవాబు: రాత్రి 2.30)