కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు

సాయంత్రం పాలు పోసే వేళ కరెంటు పోతుంది. పది నిమిషాలకు వస్తుంది. కంప్యూటరు మళ్లీ వెలిగేసరికి తెర మీద ఒక్క విండో ఉండదు. క్యాన్లు పట్టుకొని సభ్యులు వరుసలో నిలబడి చూస్తుండగా కార్యదర్శి ఒక్కొక్క ఫైలూ వెతికి తెరవాలి. ఆలస్యం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. మేము చూసిన ఒక సంఘంలో కార్యదర్శి సెలవులో ఉన్న రోజున, ఆయన బదులు కూర్చున్న కుర్రవాడు తొందరలో పోయిన పక్షం పట్టిక తెరిచి, ఆ పూట పాలన్నీ అందులో ఎక్కించాడు. బిల్లు రోజున చూస్తే ఆ పూట పాలు ఎవరి లెక్కలోనూ లేవు. కాగితం రిజిస్టరు ఉండబట్టి సరిపోయింది గాని, లేకుంటే తగువే మిగిలేది.

లినక్స్ కంప్యూటరు ఉన్న సంఘాలకు ఈ ఇబ్బంది చాలావరకు తప్పించుకునే మార్గం ఉంది. ఒక సమయాన తెరిచి ఉన్న విండోలన్నిటినీ కలిపి ‘సెషన్’ అంటారు. మనం లాగౌట్ అయ్యేటప్పుడు సెషన్ మేనేజరు అనేది, నడుస్తున్న ప్రోగ్రాములను ‘నిన్ను మళ్లీ ఎలా తెరవాలి?’ అని అడిగి చీటీ రాసిపెట్టుకుంటుంది. మళ్లీ లాగిన్ అయినప్పుడు ఆ చీటీ చూసి తెరుస్తుంది. ఎక్స్ విండో వ్యవస్థలో ఈ ఏర్పాటు 1990ల నుంచీ ఉన్నదే. అయితే అన్ని ప్రోగ్రాములూ సరిగా జవాబివ్వవు. కొన్ని ఖాళీగా తెరుచుకుంటాయి, కొన్ని అసలు రావు.

చిన్న కంప్యూటర్లకు అనువైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో, సెట్టింగ్స్ కింద ‘సెషన్ అండ్ స్టార్టప్’ తెరవండి. పాల పట్టిక, సభ్యుల జాబితా, బ్రౌజరు – రోజూ కావలసినవి మాత్రమే తెరిచి ఉంచి, అక్కడి ‘సేవ్ సెషన్’ నొక్కండి. కేడీఈ ప్లాస్మాలో అయితే ‘డెస్క్‌టాప్ సెషన్’ అనే పుటలో మూడు దారులు కనిపిస్తాయి: పోయినసారి లాగౌట్ నాటి విండోలు, మనం స్వయంగా భద్రపరచినవి, లేదా ఖాళీ తెర. మొదటిది సులువుగా కనిపిస్తుంది కాని మేము రెండోదే మేలంటాము. సంఘం కంప్యూటరు మీద పదిమంది చేయి పడుతుంది. నిన్న రాత్రి ఎవరో చూసి మూయని సినిమా పాట పొద్దున్నే పాల పట్టిక పక్కన తెరుచుకోవడం ఎవరికీ బాగుండదు.

ఇంకొక కారణం కూడా ఉంది. కరెంటు పోవడం లాగౌట్ కాదు. చీటీ రాసే వ్యవధి కంప్యూటరుకు దొరకదు. అందువల్ల అంతకుముందు భద్రపరచిన సెషనే తిరిగి వస్తుంది.

ఫైర్‌ఫాక్స్ తన పుటలను తానే గుర్తుంచుకుంటుంది. దాని సెట్టింగ్స్‌లో జనరల్ కింద, వెనుకటి విండోలు, ట్యాబులు తెరవమనే గడిలో టిక్కు పెడితే చాలు.

పాల పట్టిక సెషన్‌తో పాటు రాకపోతే దాన్ని ‘ఆటోస్టార్ట్’ జాబితాలో చేర్చండి. లిబ్రాఫీస్ తెరిచే ఆదేశం పక్కనే ఆ ఫైలు ఉన్న చోటు, పేరు రాయాలి. పక్షం పక్షానికీ పేరు మారితే ఇది పనిచేయదు. కాబట్టి నడుస్తున్న పట్టికకు ఎప్పుడూ ఒకే పేరు ఉంచి, పక్షం ముగిశాక దాని నకలును తేదీతో వేరే ఫైలుగా దాచి, పాత అంకెలు తీసివేసి కొత్త పక్షం మొదలుపెట్టాలి. పైన చెప్పిన కుర్రవాడి పొరపాటుకు ఇదే మందు.

ఇక ముఖ్యమైన సంగతి. విండో తిరిగి వచ్చినంత మాత్రాన అందులో మనం కొట్టిన అంకెలు తిరిగి రావు. సేవ్ చేయని వెన్న శాతం, లీటర్లు కరెంటుతోపాటే పోతాయి. లిబ్రాఫీస్ ప్రమాదాలకోసం దాచుకునే రికవరీ సమాచారాన్ని మామూలుగా 10 నిమిషాలకొకసారి రాస్తుంది. మన కేంద్రాల్లో పది నిమిషాల్లో ఎంతమంది పాలు పోస్తారో మీకే తెలుసు. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్ అనే వరుసలో వెళ్లి దాన్ని 1 నిమిషానికి తగ్గించండి. అయినా నలుగురైదుగురు పోసిన తరువాత కంట్రోలు, ఎస్ మీటలు కలిపి నొక్కే అలవాటు ఉండాలి. సభ్యులు గుర్తుచేస్తే కార్యదర్శి కోపగించుకోరాదు. అవి వారి డబ్బులు.

కొందరు కంప్యూటరును ఆపకుండా ‘సస్పెండ్’లో ఉంచుతారు. అప్పుడు అంతా మెమొరీలోనే ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. ‘హైబర్నేట్’ మెమొరీలోనిదంతా డిస్కులోకి రాస్తుంది గనుక కరెంటు పోయినా నిలుస్తుంది. దానికి డిస్కులో స్వాప్ అనే చోటు తగినంత ఉండాలి.

ఈ మార్పులు పాలు పోసే వేళ చేయకండి. మధ్యాహ్నం తీరికగా చేసి, ఒకసారి లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి, ఏ విండో వచ్చిందో ఏది రాలేదో రిజిస్టరు వెనుక పుటలో రాసి ఉంచండి. కార్యదర్శి లేని రోజున కూర్చునేవారికి ఆ పుట చూపించండి.