చెట్టుకు జబ్బు చేస్తే
పిల్లలమర్రి చెప్పే వృక్షాయుర్వేద పాఠం

2018 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రికి సెలైన్ సీసాలు వ్రేలాడగట్టిన చిత్రాలను పత్రికలలో చూచి నవ్వుకొన్నవారు లేకపోలేదు. ఆ సీసాలలో ఉన్నది ఉప్పునీరు కాదు. చెదలను చంపే క్లోరోపైరిఫాస్ మందును నీటిలో పలుచన చేసి నింపారు. అంతకుముందు మానుకు రంధ్రాలు చేసి మందు పోసి చూచారు. అది లోపల నిలువక కారిపోయింది. అప్పుడు, రోగికి నరం ద్వారా ఎక్కించినట్లుగా, చుక్క చుక్కగా ఎక్కించే ఉపాయం అధికారులకు తోచింది. వందలాది సీసాలు కట్టారు. వాలిన బరువైన కొమ్మలకు సిమెంటు దిమ్మెలతో ఊతమిచ్చారు. వేళ్ల వద్ద మందునీరు పోశారు.

ఆయుర్వేదంతో కొంత పరిచయమున్నవారికి ఈ దృశ్యం వింతగా తోచనవసరం లేదు. చెట్టు కూడా రోగి కాగలదనీ, దానికీ నిదానమూ చికిత్సా ఉన్నవనీ మన పూర్వులు ఏనాడో వ్రాసిపెట్టారు. ఆ శాస్త్రానికి వృక్షాయుర్వేదమని పేరు.

పిల్లలమర్రి వయస్సు సుమారు 700 సంవత్సరాలని చెబుతారు. మూడెకరాలకు పైగా విస్తరించిన ఆ చెట్టులో తల్లి మాను ఏదో పోల్చుకొనడం కష్టం. మర్రికి ఉన్న విశేషమే అది. కొమ్మల నుండి ఊడలు దిగుతాయి. నేలను తాకిన ఊడ వేళ్లూని, క్రమంగా లావెక్కి, తానే ఒక మాను అవుతుంది. పైకొమ్మ బరువును మోస్తూ దానికి నీరు అందిస్తుంది. అందుచేత ఒక మాను పుచ్చిపోయినంత మాత్రాన చెట్టు చావదు. కదిరి ప్రాంతంలోని గూటిబైలు గ్రామం వద్ద ఉన్న తిమ్మమ్మ మర్రిమాను ఈ విధంగానే దాదాపు అయిదెకరాలు కమ్ముకొని 1989లో గిన్నిస్ గ్రంథంలో చోటు సంపాదించింది. 1434లో సహగమనం చేసిన తిమ్మమ్మ చితికి నాటిన గుంజయే చిగిర్చి ఆ మర్రి అయినదని అక్కడివారి విశ్వాసం.

గోలకొండ నయాఖిల్లాలో ఉన్న ‘హాతియాఁ కా ఝాడ్’ పద్ధతి ఇందుకు పూర్తిగా వేరు. అది ఆఫ్రికా నుండి వచ్చిన జాతి. హిందీలో గోరఖ్ ఇమ్లీ అంటారు. ఊడలు లేవు, పిల్లలు లేవు. ఉన్న ఒక్క మానునే ఏనుగు దేహంలా ఉబ్బించుకొని, మెత్తని కలపలో నీటిని దాచుకొని శతాబ్దాలు గడుపుతున్నది.

మరి అన్ని మానులున్న పిల్లలమర్రి ఎందుకు మంచాన పడింది? 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడిన తరువాత సందర్శకులను ఆపివేసి పరిశీలించగా, చెదలు లోలోపల కలపను తొలుచుకొని పోయాయని తేలింది. అయితే చెదలు సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న కలప జోలికి రావు. ఎండినది, గాయపడినది, కుళ్లుతున్నది వాటికి ఆహారం. గాయాలు చేసినది మనుషులే. కొమ్మలపై ఊగారు, వంచి కూర్చున్నారు, బెరడుపై పేర్లు చెక్కారు. అంతమంది నిత్యం తొక్కితే నేల గట్టిపడుతుంది. గట్టిపడిన నేలలో వేళ్లకు గాలి, నీరు సరిగా అందవు. లేత ఊడ నేలకు దిగకముందే తెగిపోతే ఆ కొమ్మకు రావలసిన కాలు రానట్లే. చెదలు రోగం కన్న రోగలక్షణమనడమే ఎక్కువ సమంజసం.

ఈ సందర్భంలో బౌద్ధనగర్, తార్నాక వాసులు గర్వింపదగిన సంగతి ఒకటి ఉన్నది. సురపాలుని ‘వృక్షాయుర్వేదం’ వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో, బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండేది. వ్యవసాయ శాస్త్రవేత్త వై.ఎల్. నేనే దాని ప్రతిని తెప్పించగా, మన పొరుగున ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యులుగా పనిచేసిన నళినీ సాధలే ఆంగ్లంలోనికి అనువదించారు. 1996లో సికింద్రాబాదు నుండియే అది ప్రచురింపబడింది. సుమారు వెయ్యేండ్ల నాటి చెట్ల వైద్యగ్రంథం, మనం సాయంకాలం నడకకు వెళ్లే ఆవరణలో పనిచేసిన పండితురాలి చేతిమీదుగా లోకానికి తెలిసిందన్నమాట.

సురపాలుడు చెట్ల రోగాలను రెండు తెగలుగా విభజించాడు. వాత, పిత్త, కఫ దోషాల వలన లోపల పుట్టేవి కొన్ని. పురుగులు, చలి మొదలైనవాటి వలన వెలుపలి నుండి వచ్చేవి కొన్ని. వాతం ప్రకోపిస్తే మాను సన్నబడి వంకరపోతుంది, కణుపులు లేస్తాయి, కాయలు గట్టిపడి రసం తగ్గుతుంది. పిత్తం వలన ఆకులు పసుపుబారి కాయలు అకాలంలో రాలుతాయి. కఫం వలన కాపు ఆలస్యమై, ఆకులు చిన్నవై, పండుకు రుచి ఉండదు. చికిత్స కూడా మన వైద్యం వంటిదే. వాతానికి కొవ్వు, నేయి వంటి స్నిగ్ధ ద్రవ్యాలు. పిత్తానికి పాలు, తేనె, యష్టిమధుకం వంటి చల్లని, తీయని ద్రవ్యాలు. కఫానికి చేదు, కారం, వగరు గల కషాయాలు. ఇందులో ప్రసిద్ధమైన కుణపజలాన్ని మాంసము, కొవ్వు మురుగబెట్టి తయారుచేస్తారు. దానిని బౌద్ధనగర్‌లోని అపార్టుమెంటులో తయారుచేయమని నేను సలహా ఇవ్వను. పొరుగువారితో తగవు ఖాయం.

సురపాలుని కన్న ముందే, ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. చలి, గాలి, ఎండ అతిగా తగిలినందువలన ఆకులు పాలిపోవడం, చిగుళ్లు ఎదగకపోవడం, కొమ్మలు ఎండడం, రసం కారడం రోగలక్షణాలన్నాడు. ముందుగా చెడిన భాగాన్ని పదునైన ఆయుధంతో తీసివేసి, వాయువిడంగాలు, నేయి, మట్టి కలిపిన ముద్దను పూసి, పాలు కలిపిన నీరు పోయమన్నాడు. చెట్టుకు చెట్టుకు మధ్య ఇరవై మూరల ఎడం ఉత్తమమనీ, పన్నెండు మూరలకు తగ్గరాదనీ కూడా చెప్పాడు. వేళ్లు, కొమ్మలు ఒకదానినొకటి ఒరసుకొంటే చెట్లు బాధపడతాయట. ఇరవై మూరలంటే సుమారు ముప్పది అడుగులు. మన వీధులే అంత వెడల్పు ఉండవు.

ఈ గ్రంథాలలో ఉన్నదంతా పరీక్షకు నిలుస్తుందని చెప్పడం లేదు. కుణపజలమే ఉండి ఉంటే పిల్లలమర్రికి పురుగుమందు అవసరమయ్యేది కాదనడం అతిశయోక్తి. అయితే చెడిన భాగాన్ని మొదట తొలగించమన్న మాట, గాయాన్ని గుర్తించి కాపాడమన్న మాట, ఎడం ఇమ్మన్న మాట నేటికీ సత్యాలే.

ఇక మన పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసినది బెరడును గురించి. మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి బెరడులను కలిపి పంచవల్కలములంటారు. వగరు గుణం చేత వీటి కషాయం పుండ్లను కడగడానికి, నోటిపూతకు పుక్కిలించడానికి ఉపయోగపడుతుంది. చెంచాడు పొడిని రెండు గ్లాసుల నీటిలో సగం మిగిలేవరకు మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా రోజుకు రెండుమూడు సార్లు పుక్కిలించి ఉమ్మివేయవలెను. లోతైన పుండ్లకు, మధుమేహ రోగుల పుండ్లకు, రెండు వారాలకు తగ్గని నోటిపూతకు ఇది చాలదు. వైద్యుని చూడవలసిందే.

ఈ బెరడు ఎక్కడి నుండి తెస్తున్నాము? ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరేది లోపలి బెరడు గుండానే. మాను చుట్టూ ఉంగరంలా బెరడు ఒలిస్తే కొమ్మలు కొంతకాలం పచ్చగానే ఉంటాయి, క్రింద వేళ్లు ఆకలితో చస్తాయి. చంపినవానికి తాను చంపినట్లు తెలియదు. ఒకవైపు మాత్రమే చెక్కినా, ఆ గాయమే చెదలకు, బూజుకు వాకిలి. కనుక ఇంటి ముందున్న చెట్టు మాను మీద కత్తి పెట్టకండి. కత్తిరించి పడవేసిన కొమ్మల బెరడు మన అవసరాలకు చాలు. అది లేతగా ఉండి ఎండబెట్టడం కూడా సులభం.

మన వీధులలో ఎక్కువగా కనిపించేవి వేప, కానుగ. సీతాఫల్‌మండి పేరులో సీతాఫలం ఉన్నది గాని, ఆ చెట్టు కోసం ఇప్పుడు వెదకవలసిందే. 2021లో వానలు తగ్గుముఖం పట్టిన వేళ తెలంగాణ అంతటా వేపచెట్ల కొనలు కాల్చినట్లు మాడిపోవడం పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. ఫోమాప్సిస్ అనే బూజు జాతి శిలీంధ్రం దీనికి కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తించారు. రసం పీల్చే తేయాకు దోమ కూడా తోడై నష్టాన్ని పెంచింది. మన చర్మానికి పట్టిన తామరను నయం చేసుకొనడానికి ఏ చెట్టును ఆశ్రయిస్తామో ఆ చెట్టుకే బూజు పట్టింది. దానిని చూచి చెట్టు చచ్చిందనుకొని కొట్టించినవారున్నారు. తొందరపడనివారి చెట్లు చాలావరకు తరువాతి వేసవికి మళ్లీ చిగిర్చాయి.

అటువంటి చెట్టు మీ వాకిట ఉంటే మొదట మాను మొదలు చూడండి. రోడ్డు వేసినప్పుడు సిమెంటును మాను దాకా పోసి ఉంటే చుట్టూ మూడడుగుల మేర పగులగొట్టించండి. ఢిల్లీలో ఇట్లే మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. ఆ మట్టిని వేళ్లు తెగకుండా పైపైన గుల్లచేసి, చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలపండి. ఎండిన కొమ్మలను పచ్చి భాగం వరకు, పొడి వాతావరణంలో నున్నగా కోయించి, కోసిన పుల్లలను తగులబెట్టండి. తొర్రలో సిమెంటు నింపే పాత అలవాటు మంచిది కాదు, లోపల చెమ్మ నిలిచి కుళ్లు పెరుగుతుంది. చెదల మట్టిగొట్టాలు మాను మీద కనిపిస్తే గీకివేసి, వారం తరువాత మళ్లీ కట్టాయేమో చూడండి. పురుగుమందులు ఇంట్లో స్వయంగా కలపవద్దు.

చెట్టు బ్రతికి ఉన్నదీ లేనిదీ తెలుసుకొనడానికి గోరు చాలు. సన్నని కొమ్మపై బెరడును కొద్దిగా గీరి చూడండి. క్రింద పచ్చని, తడి పొర కనిపిస్తే ప్రాణమున్నట్లే. ఉగాది పచ్చడికి పువ్వు ఇచ్చే వేళ వరకు ఆగండి. గోధుమరంగు పొడిబెరడే వస్తే మరికొంత క్రిందికి గీరండి. మాను మొదలంటా పొడిగా ఉండి, తట్టితే డొల్ల శబ్దం వస్తూ, చెట్టు ఇంటివైపు వాలి ఉంటేనే కొట్టించే ఆలోచన చేయవలెను. దానికీ 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అధికారుల అనుమతి తీసుకోవాలి.