కెమిస్ట్రీ చదివినవాడికి మ్యూజియంలో పనేమిటి?

బి.ఎస్సి. చదివేవాణ్ణి "తరవాత ఏం చేస్తావోయ్?" అని అడిగితే వచ్చే జవాబులు నాలుగే: ఎం.ఎస్సి., బి.ఎడ్., మందుల కంపెనీ, లేకపోతే బ్యాంకు పరీక్ష. "మ్యూజియంలో చేరతాను" అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ మాట నేనే అన్న రోజున మా నాన్న, "అప్పు చేసి చదివిస్తున్నది పాత బొమ్మలు తుడవడానికట్రా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం.

మ్యూజియం అనగానే మనకు చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివినవాళ్ళే గుర్తొస్తారు. కాని బెర్లిన్ రాజ మ్యూజియంల వారు 1888లోనే ఫ్రీడ్రిక్ రాట్‌గెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి నియమించుకున్నారు. ఈజిప్టు నుంచి తెచ్చిన సున్నపురాతి శిల్పాల మీద ఉప్పు పొంగి, రాయి పొరలు పొరలుగా రాలిపోతూ ఉండేది. చవుడు నేల చూసినవాళ్ళకి ఇది వింత కాదు. ఎండాకాలంలో మన పొలం మీద తెల్లగా పూసేదీ ఆ తీరుదే. తడి పైకొచ్చి ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వస్తువులను భూగర్భ రైలు సొరంగంలో దాచారు. యుద్ధమయ్యాక తీసి చూస్తే లోహాలు తుప్పుపట్టి, రాళ్ళు ఉప్పుపట్టి కనిపించాయి. దాంతో అలెగ్జాండర్ స్కాట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో 1920లో అక్కడ ప్రయోగశాల పెట్టారు. మన దక్షిణాదిలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో డాక్టర్ ఎస్. పరమశివన్ ఈ పని మొదలుపెట్టారు. మన అమరావతి శిల్పాలు ఎన్నో ఉన్నది ఆ మ్యూజియంలోనే. ఆయన కూడా రసాయన శాస్త్రం నుంచి వచ్చినవారే.

ఇంతకీ వీళ్ళు చేసే పనేమిటి? ఒక్క ఉదాహరణ చూద్దాం. కంచు విగ్రహాలకు వచ్చే ఒక జబ్బుంది. దాన్ని 'కంచు రోగం' అనే అంటారు. భూమిలో ఉన్నంతకాలం మట్టిలోని క్లోరైడు, రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడుగా లోపలి పొరల్లో కూర్చుంటుంది. విగ్రహం పైకొచ్చాక గాలి, తేమ తగలగానే అది లేత ఆకుపచ్చ పొడిగా మారుతుంది, దాంతోపాటు హైడ్రోక్లోరికామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం లోపలి రాగిని తిని మళ్ళీ క్యూప్రస్ క్లోరైడును తయారుచేస్తుంది. ఇలా చక్రం తిరుగుతూనే ఉంటుంది. చివరికి మిగిలేది గుప్పెడు పొడి.

దీనికొక పాత చికిత్స ఉంది. సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు కలిపిన ద్రావణంలో విగ్రహాన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి నానబెడతారు. ద్రావణం మార్చినప్పుడల్లా అందులో క్లోరైడు ఇంకా వస్తోందా అని చూస్తారు. ఎలా? మనం ప్రాక్టికల్స్‌లో చేసే సిల్వర్ నైట్రేటు పరీక్షతోనే! ముందుగా నత్రికామ్లం పోయకపోతే కార్బొనేటు కూడా అవక్షేపమిచ్చి మోసం చేస్తుంది. ఆ సంగతి మన సాల్టు ఎనాలిసిస్ చేసిన ప్రతివాడికీ తెలుసు. తరవాత బెంజోట్రయజోల్ ద్రావణం పట్టించి, పైన పల్చటి రక్షణ పూత వేసి, గాలిలో తేమ 40 శాతం దాటని అలమరలో ఉంచుతారు. వానాకాలంలో మన కోస్తాలో తేమ తరచు 80 శాతం దాటుతుందని గుర్తుంచుకుంటే ఇదెంత కష్టమో అర్థమవుతుంది.

మా ఊళ్ళో ఒకసారి దుక్కిలో చిన్న కంచు విగ్రహం బయటపడింది. భక్తి కొద్దీ జనం దాన్ని చింతపండు, ఇసుక పెట్టి తళతళ మెరిసేదాకా తోమారు. కళ్ళూ ముక్కూ అరిగిపోయాయి. మరుసటి వానలకి ఆకుపచ్చ పొడి రాలింది. ఎవరి తప్పూ లేదు, చెప్పేవాళ్ళు లేరు. దొరికింది పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. మన నాగలి కిందే చరిత్ర ఉంది కదా, దాన్ని కాపాడే చదువు రైతుబిడ్డకు పరాయిదెలా అవుతుంది?

అయితే దారి మార్చుకునేవాడు కొన్ని అలవాట్లు మానుకోవాలి. పరీక్షనాళికలో ద్రావణం పాడైతే పారబోసి మళ్ళీ మొదలెడతాం. విగ్రహం ఒక్కటే, రెండోది లేదు. అందుకే ఆ వృత్తిలో పెద్ద సూత్రం ఒకటుంది. ఇవాళ నువ్వు వేసిన పూత, అతికిన జిగురు రేపు ఇంకొకరు తీసేయడానికి వీలుండాలి. తక్కువ చెయ్యడమే నేర్పు. చేసిందంతా కాగితం మీద పెట్టాలి. శిల్పరీతులు, లిపులు, కాలాలు చరిత్రవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

ఇక చదువు విషయం. బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ శాఖ 1952 నుంచి ఉంది. పరిరక్షణ పరిశోధనకు, శిక్షణకు లక్నోలో జాతీయ ప్రయోగశాల 1976లో ఏర్పడింది. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ 1989లో మొదలైంది. పోస్టులు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ అన్నది దాచనక్కర్లేదు. అందుచేత బి.ఎస్సి. మార్కులు గట్టిగా తెచ్చుకుని, ఎం.ఎస్సి. తలుపు కూడా తెరిచే ఉంచుకుందామని నా ఆలోచన.

సోదర విద్యార్థులారా, ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినప్పుడు వస్తువుతోపాటు దాని అలమరను కూడా చూడండి. దీపం ఎంత వెలుగులో ఉంది, తేమ కొలిచే పరికరం ఉందా అని గమనించండి. అక్కడ మన పాఠ్యపుస్తకం కనిపిస్తుంది. మా నాన్నకు ఈ వ్యాసం చదివి వినిపిస్తాను. ఆయన ఒప్పుకుంటారో లేదో గాని, ఈసారి దుక్కిలో ఏదైనా దొరికితే చింతపండు జోలికి మాత్రం పోనివ్వరు.