ఇంటి పండుగ, పొరుగింటి పండుగ

డిసెంబరు నడిమికి ధనుర్మాసం మొదలవుతుంది. వైష్ణవాలయాల్లో తెల్లవారకముందే రోజుకో పాశురం చొప్పున తిరుప్పావై చదువుతారు. తిరుమలలో ఈ నెలంతా సుప్రభాతం బదులు అదే. నెల ముగియకముందే క్రిస్మస్ వస్తుంది, చివర్లో భోగి. ఒకే వీధిలో ఒకరింటి మీద నక్షత్రం, పక్కవాళ్ల వాకిట్లో గొబ్బెమ్మలు. సరిగ్గా ఈ రోజుల్లోనే పిల్లలు అడుగుతారు: "మనింటికి నక్షత్రం ఎందుకు కట్టం?" అని ఒకరు, "మన వాకిట్లో గొబ్బెమ్మలు ఎందుకు లేవు?" అని ఇంకొకరు.

ఆ ప్రశ్న విని కసరకండి. "అది వాళ్ల పండుగ, మనకెందుకు?" అంటే పిల్లలకు ఒంటబట్టేది భక్తి కాదు, ఎడం. అలాగని అడిగిందల్లా కొనిపెట్టినా ఆ ప్రశ్న తీరదు. మనింట్లో ఏముందో, అందులో తన వంతు ఏమిటో ఆ పసివాడికి తెలియాలి.

అందుకే జవాబు పనిలో చూపించండి. హరిదాసు వస్తే బియ్యం మీరు వేయకండి, పిల్లల దోసిట్లో పోసి పంపండి. తలమీది పాత్ర దించకుండా, వాళ్లకు అందేలా ఆయనే వంగుతాడు. పండుగంటే పెట్టడం కూడా అని ఆ క్షణంలో తెలిసినంతగా మీరెంత చెప్పినా తెలియదు. గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు వాళ్లనే పెట్టనివ్వండి. చంటివాళ్లకు పోసే భోగిపళ్లలో రేగుపళ్లు, పూలరేకులు, చిల్లర పెద్దపిల్లల చేత కలిపించండి. క్రైస్తవుల ఇంట్లోనైతే నక్షత్రం పిల్లల చేతే కట్టించండి, పశువులపాకలో యేసు పుట్టిన కథ వాళ్ల నోటే చెప్పించండి. "ఎందుకిలా?" అన్నప్పుడు మీకు తెలియకపోతే, నాయనమ్మకో అమ్మమ్మకో ఫోన్ కలిపి పిల్లలనే అడగమనండి.

తర్వాత పొరుగింటికి పంపండి. అరిసెల పళ్లెం వాళ్లే పట్టుకెళ్లాలి, అక్కడి కేకు వాళ్లే తీసుకురావాలి. ఆ ఇంట్లో ప్రార్థన గానీ పూజ గానీ జరుగుతుంటే నిశ్శబ్దంగా కూర్చోవడం నేర్పండి. కలిసి చేయమని బలవంతపెట్టనక్కరలేదు, నవ్వనివ్వకూడదు.

వీలైతే మెదక్ చర్చికి తీసుకెళ్లండి. కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి దొరకాలని క్రైస్తవ మిషనరీ చార్లెస్ పాస్నెట్ పూనుకుని కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. హరిదాసు పాత్రలో బియ్యం పోసిన పిల్లలకు ఆ కథ పరాయిది అనిపించదు.

తన ఇంటి ఆచారాన్ని చేతులారా చేసిన బిడ్డ పొరుగింటి ఆచారాన్ని చూసి బెదరదు, చిన్నచూపూ చూడదు. కాబట్టి ఈసారి కొత్తబట్టల జాబితా రాసేముందు, పండుగలో ఏ పని ఏ బిడ్డదో తేల్చండి. ఒకసారి అప్పజెప్పాక, ఆలస్యమైనా వంకరగా వచ్చినా మీరు చెయ్యి పెట్టకండి.