ఆరు స్పీకర్లూ మోగుతున్నాయి, కానీ 5.1 రావట్లేదు! రిసీవర్ లోపల అసలేం జరుగుతుంది?

పోయిన దసరాకి బెంగళూరు నుంచి విజయనగరం వచ్చినప్పుడు ఇంట్లో ఒక 5.1 రిసీవర్, స్పీకర్లు సెట్ చేశాను. నాన్నకి సినిమాలంటే ప్రాణం. ఈ మధ్య డైలాగులు సరిగా వినబడక టీవీ సౌండ్ పెంచుతూ పోతున్నారు. సెంటర్ స్పీకర్ ఉంటే మాట క్లియర్‌గా వస్తుందని నా లెక్క. రిమోట్‌లో 'ఆల్ ఛానల్ స్టీరియో' నొక్కాను, అన్ని స్పీకర్లూ మోగాయి. పని అయిపోయిందనుకున్నా.

నాన్న పది నిమిషాలు విని, "సినిమావోళ్లు నా ఈపెనకాల నుంచి మాటాడతన్నారేటిరా?" అన్నారు. "అది సరౌండ్ నాన్నా, అలవాటవుతుంది" అని చెప్పి రైలెక్కేశాను. రెండు వారాల తర్వాత అమ్మ ఫోన్‌లో చెప్పింది: రిసీవర్ ఆపేసి మళ్లీ టీవీ స్పీకర్‌తోనే చూస్తున్నారట.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావాలంటే ముందు డీకోడింగ్ గురించి తెలుసుకోవాలి.

డీకోడింగ్ అంటే ఏంటి?

5.1 అంటే ముందు ఎడమ, కుడి, సెంటర్, వెనక రెండు సరౌండ్‌లు, బేస్ ఎఫెక్ట్స్ కోసం ఒక సబ్‌వూఫర్ ఛానల్. ఒక్కో ఛానల్‌కి సెకనుకి 48,000 శాంపిల్స్, ఒక్కో శాంపిల్‌కి 16 బిట్స్ అనుకుంటే, ఆరు ఛానల్స్‌కి సెకనుకి 46 లక్షల బిట్స్ అవుతాయి. డీవీడీల్లో డాల్బీ డిజిటల్ 5.1 సాధారణంగా 448 కేబీపీఎస్, అంటే సెకనుకి నాలుగున్నర లక్షల బిట్స్‌లోపే. దాదాపు పదో వంతు!

ఇదెలా కుదిరింది? మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు డప్పుల మధ్య నిలబడితే పక్కవాడు చెవిలో చెప్పిన మాట కూడా వినబడదు. మాట ఉంది, డప్పు దాన్ని కప్పేసింది. దీన్నే మాస్కింగ్ అంటారు. పెద్ద శబ్దం పక్కన మన చెవికి ఎలాగూ అందని వివరాల మీద ఎన్‌కోడర్ బిట్స్ ఖర్చుపెట్టదు. అలా చుట్టిన మూటని విప్పి మళ్లీ ఆరు ఛానల్స్‌గా మార్చడమే డీకోడింగ్.

మూట ఎవరు విప్పుతున్నారు?

అసలు కథంతా ఇక్కడే ఉంది. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో 'డిజిటల్ అవుట్‌పుట్' అని ఉంటుంది. 'పాస్ త్రూ' లేదా 'బిట్‌స్ట్రీమ్' పెడితే టీవీ మూటని ముట్టుకోకుండా రిసీవర్‌కి పంపిస్తుంది. 'పీసీఎం' పెడితే టీవీయే విప్పేస్తుంది. మామూలు ఏఆర్‌సీ మీద పీసీఎం రెండు ఛానల్స్ మాత్రమే వెళ్తుంది కాబట్టి, సెంటర్‌లో ఉండాల్సిన డైలాగ్‌ని ఎడమ, కుడి ఛానల్స్‌లో కలిపేసి పంపుతుంది. ఒకసారి కలిశాక దాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ విడదీయలేం.

మా టీవీలో ఉన్నది పీసీఎం. దాని మీద నేను పెట్టిన మోడ్ ఆ స్టీరియోనే అన్ని స్పీకర్లలోకీ కాపీ చేసింది. నాన్న పడక కుర్చీ వెనక స్పీకర్ పక్కనే ఉంది. అంటే హీరో నిజంగానే ఆయన వీపు వెనక నుంచి మాట్లాడాడు! నాన్న పక్కా బగ్ రిపోర్ట్ ఇచ్చారు. నేనే చూడకుండా క్లోజ్ చేసేశా.

ఏ కనెక్షన్‌లో ఏం వెళ్తుంది?

- ఆప్టికల్ కేబుల్: స్టీరియో పీసీఎం, లేదా డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాంటి కంప్రెస్డ్ 5.1.
- హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ: వీటితో పాటు, టీవీ సపోర్ట్ చేస్తే ఓటీటీలు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా. ఓటీటీలో అట్మాస్ సాధారణంగా ఇందులోనే వస్తుంది.
- హెచ్‌డీఎంఐ ఈఏఆర్‌సీ: 37 ఎంబీపీఎస్ వరకు. బ్లూరేలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, 8 ఛానల్స్ పీసీఎం కూడా వెళ్తాయి.

డీకోడ్ అయ్యాక?

రిసీవర్ పని అక్కడితో అయిపోదు. చిన్న స్పీకర్లు మోయలేని లో-ఫ్రీక్వెన్సీని, చాలామంది పెట్టే 80 హెర్ట్జ్ దగ్గర కట్ చేసి, సబ్‌వూఫర్‌కి పంపుతుంది. తర్వాత దూరాలు సరిచేస్తుంది. శబ్దానికి ఒక మీటరు వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు స్పీకర్ 3 మీటర్లు, వెనకది ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటే, వెనకదాన్ని 4 మిల్లీసెకన్ల పైచిలుకు ఆలస్యం చేస్తేనే రెండూ ఒకేసారి చెవికి చేరతాయి. అందుకే సెటప్‌లో దూరాలు నిజంగా టేపుతో కొలిచి ఎంటర్ చేయండి. ఆ తర్వాతే డిజిటల్ సిగ్నల్ అనలాగ్‌గా మారి, యాంప్లిఫయర్ మీదుగా స్పీకర్‌కి వెళ్తుంది.

మరి ఘంటసాల పాటలకి?

ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరు మాది, నాన్న ఆ పాటలు పెట్టకుండా ఉండరు. ఆ కాలం సినిమా పాటలు మోనో. వాటికి 5.1 మూట అంటూ ఏమీ లేదు. ఇలాంటప్పుడు 'డాల్బీ సరౌండ్' లాంటి అప్‌మిక్స్ మోడ్ పెట్టండి. ఎడమ, కుడి ఛానల్స్‌లో ఒకేలా ఉన్నదాన్ని అది సెంటర్‌కి పంపుతుంది. పాట ఎదురుగా నిలబడి పాడినట్టు ఉంటుంది.

మీ ఇంట్లో ఇలా చెక్ చేయండి

1. 5.1 ఉన్న సినిమా పెట్టి, రిసీవర్ రిమోట్‌లో ఇన్ఫో లేదా స్టేటస్ బటన్ నొక్కండి. డిస్‌ప్లేలో 'పీసీఎం' అని, రెండే ఛానల్స్ చూపిస్తే మీకు వచ్చేది స్టీరియోనే.
2. టీవీలో డిజిటల్ అవుట్‌పుట్‌ని పాస్ త్రూ చేయండి.
3. ఆల్ ఛానల్ స్టీరియో తీసేయండి. అది పార్టీలకి, సినిమాలకి కాదు.
4. అప్పటికీ డైలాగ్ తక్కువైతే సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి.

మా ఇంట్లో ఈ స్టెప్స్ అన్నీ అమ్మే చేసింది, వీడియో కాల్‌లో నేను చెబుతుంటే. 'పీసీఎం' పోయి 'డాల్బీ డిజిటల్ ప్లస్' అని డిస్‌ప్లే మారగానే ఫోన్ నాన్న వైపు తిప్పింది. ఆయన నా వైపు చూడలేదు, టీవీ వైపే చూస్తున్నారు. కాసేపటికి, "ఇప్పుడు బొమ్మలోంచే మాటాడతన్నార్రా" అన్నారు. వాల్యూమ్ ఎంత అని అడిగితే, తగ్గించారని అమ్మ చెప్పింది.