చూపు ఫొటో మీదే ఉండాలి

ఫొటో స్టూడియోలోనో ఫ్లెక్సీ షాపులోనో కొత్తగా చేరినవాళ్లకు ఫొటోషాప్ షార్ట్‌కట్ల చార్టు ఒకటి ఎవరో ఒకరు చేతిలో పెడతారు. దాన్ని బట్టీ పట్టకండి. మీ షాపులో రోజూ ఎక్కువసార్లు వచ్చే పని ఏదో చూసుకుని, దానికి కావలసిన కీలనే ముందు చేతికి అలవాటు చేసుకోండి. షార్ట్‌కట్లతో సమయం కలిసొస్తుంది, నిజమే. నా దృష్టిలో అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. మెనూ వెతుక్కుంటూ చూపు పక్కకు పోదు. చెవి పక్కన మిగిలిపోయిన పాత బ్యాక్‌గ్రౌండ్, చెంప మీద రంగు తేడా కంటపడాలంటే చూపు ఫొటో మీదే నిలవాలి. అందుకే కుడిచేయి మౌస్ మీద, ఎడమచేయి కీబోర్డ్ మీద ఉండే అలవాటు మొదటి వారంలోనే పడాలి.

పాస్‌పోర్ట్ సైజు ఫొటోనే తీసుకుందాం. సి నొక్కితే క్రాప్ టూల్ వస్తుంది. పైన 3.5 సెంటీమీటర్లు, 4.5 సెంటీమీటర్లు, రిజల్యూషన్ 300 అని ఇచ్చి క్రాప్ చేయండి. వెంటనే కంట్రోల్-జె. దీంతో లేయర్‌కి కాపీ వస్తుంది, ఒరిజినల్ కింద భద్రంగా ఉంటుంది. డబ్ల్యూతో క్విక్ సెలెక్షన్ తీసుకుని మనిషిని సెలెక్ట్ చేసి, లేయర్ల ప్యానెల్ కింద ఉన్న మాస్క్ బటన్ నొక్కండి. దాని కింద తెల్లటి లేయర్ ఒకటి పెట్టండి. ఎరేజర్ జోలికి మాత్రం వెళ్లకండి. ఎరేజర్‌తో చెరిపిన జుట్టు ఫైలు మూసేశాక ఇక తిరిగి రాదు. మాస్క్‌తో దాచినదాన్ని రేపైనా బయటికి తేవచ్చు.

ఇప్పుడు అంచులు సరిచేయాలి. ఎడమచేతికి అసలు పని ఇక్కడే. బి నొక్కితే బ్రష్. పి పక్కనున్న చదరపు బ్రాకెట్లలో ఒకటి బ్రష్‌ను చిన్నది చేస్తుంది, రెండోది పెద్దది చేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని అవే నొక్కితే అంచు మెత్తబడుతుంది, గట్టిపడుతుంది. మాస్క్ మీద నలుపు పూస్తే దాగుతుంది, తెలుపు పూస్తే కనబడుతుంది. ఈ రెండింటినీ అటూఇటూ మార్చేది ఎక్స్. భుజం దగ్గర ఎక్కువ పోయిందా? ఎక్స్ నొక్కి పూయండి, తిరిగొస్తుంది. జుట్టు కొసల దగ్గర 3 నొక్కండి, బ్రష్ ఒపాసిటీ 30 శాతానికి దిగుతుంది. స్పేస్‌బార్ నొక్కి పట్టుకుంటే ఫొటోను చేత్తో జరిపినట్టు జరపవచ్చు. కంట్రోల్-0 కొడితే మొత్తం ఫొటో తెరకు సరిపోతుంది. అంచులు చూసేటప్పుడు మాత్రం కంట్రోల్-1 కొట్టి వంద శాతంలోనే చూడండి.

బి నొక్కినా బ్రష్ రావడం లేదంటే కీబోర్డ్ తెలుగులో ఉందేమో చూడండి. లేదా మీరింకా టైప్ టూల్‌లోనే ఉన్నారేమో. అలాగైతే కంట్రోల్-ఎంటర్‌తో బయటికి రండి.

ఇక షీటు. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు పేపర్ మీద ఈ సైజు ఫొటోలు ఎనిమిది పడతాయి. కంట్రోల్-ఎ, కంట్రోల్-షిఫ్ట్-సి కొడితే అన్ని లేయర్లూ కలిపి కాపీ అవుతాయి. 300 రిజల్యూషన్‌లోనే కొత్త షీటు తెరిచి పేస్ట్ చేసి, ఎడమ పై మూలకు జరపండి. తర్వాత కంట్రోల్-ఆల్ట్-టి నొక్కి, ఫొటోను కుడివైపు లాగి ఎంటర్ కొట్టండి, రెండో కాపీ వస్తుంది. కంట్రోల్-షిఫ్ట్-ఆల్ట్-టి రెండుసార్లు కొడితే మిగతా రెండూ అంతే ఎడంతో వాటంతటవే కూర్చుంటాయి. ఆ నాలుగు లేయర్లనూ సెలెక్ట్ చేసి కంట్రోల్-ఇతో కలిపేసి, కంట్రోల్-జె కొట్టి కిందికి లాగితే ఎనిమిది.

ఇది చేతికి వచ్చాక యాక్షన్‌గా రికార్డు చేసి ఎఫ్ కీ ఒకటి కేటాయించండి. ఆల్ట్-ఎఫ్9తో యాక్షన్ల ప్యానెల్ తెరుచుకుంటుంది. క్రాప్‌ను మాత్రం రికార్డులో పెట్టకండి. ముఖం ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉంటుంది కాబట్టి అది మనిషి చూసి చేయవలసిన పని.

పాత వెర్షన్ మీద పని నేర్చిన సీనియర్ మాట వినేటప్పుడు ఒక జాగ్రత్త. సైజు మార్చేటప్పుడు షిఫ్ట్ పట్టుకోమంటారు. వాళ్ల వెర్షన్‌లో అది సరైన మాటే. 2018 అక్టోబరులో వచ్చిన సీసీ 2019 నుంచి ఫొటో దానంతటదే కొలత తప్పకుండా మారుతుంది, షిఫ్ట్ పట్టుకుంటేనే ముఖం సాగుతుంది. కంట్రోల్-జెడ్ కూడా అంతే. పాతవాటిలో ఒక్క అడుగే వెనక్కి వెళ్లేది, ఇంకా వెనక్కి పోవాలంటే కంట్రోల్-ఆల్ట్-జెడ్ కొట్టాలి. సీటులో కూర్చోగానే సిస్టమ్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకోండి.

ఆన్‌లైన్ అప్లికేషన్లకు ఫొటో కావాలని వచ్చేవాళ్లూ ఎక్కువే. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షలకు ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య అడుగుతారు. కంట్రోల్-షిఫ్ట్-ఆల్ట్-ఎస్ కొట్టి జేపెగ్ ఎంచుకోండి. క్వాలిటీ తగ్గిస్తూ పోతే కింద ఎడమవైపు కేబీలు మారుతూ కనిపిస్తాయి. 45 దగ్గర ఆపి సేవ్ చేయండి. మరీ తగ్గిస్తే ముఖం మసకబారుతుంది, 20 కంటే కిందికి పోతే సైటు తీసుకోదు.