కాన్ఫరెన్స్‌కి వెళ్తే ఊరు కూడా చూడండి

విశాఖపట్నంలో రెండు రోజుల కాన్ఫరెన్స్. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగుతారు. బ్యాడ్జీ మెడలో వేసుకుని ఏసీ హాల్లో కూర్చుంటారు. భోజనాల దగ్గర సొంత ఆఫీసు వాళ్లతోనే ఒక టేబుల్ ఆక్రమిస్తారు. రాత్రి గదికెళ్లి మెయిళ్లు చూసుకుంటారు. ఇంటికొచ్చాక పిల్లలు "సముద్రం చూశావా?" అంటే, హోటల్ కిటికీలోంచి కనిపించిందని చెప్పాలి. అంత దూరం వెళ్లి రోజూ పక్క సీట్లో కూర్చునే వాళ్లతోనే కబుర్లాడి రావడం శుద్ధ దండగ.

ఊరు చూడటం వేరు, పరిచయాలు పెంచుకోవడం వేరు అనుకోకండి. రెండూ ఒకే గంటలో అవుతాయి. మొదటి రోజు టీ విరామంలో మాట కలిసిన ఒకరిద్దరిని "రేపు పొద్దున్నే బీచ్‌లో నడుద్దాం, వస్తారా?" అని అడిగేయండి. రానంటే పోయేదేమీ లేదు. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో కొంతసేపు బళ్లు తిరగనివ్వరు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచే పైకొస్తాడు. అక్కడ నడుస్తూ ఎవరూ హోదాలు ఏకరువు పెట్టరు. "మీ దగ్గర ఈ సమస్య వస్తే ఏం చేస్తారు?" అని అడిగి చూడండి, హాల్లో స్లైడ్ల మీద కనిపించని సంగతులు బయటికొస్తాయి.

సాయంత్రం ఖాళీ దొరికితే అదే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామికి వెళ్లండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకుంది. 2002 నుంచి ఒడ్డునే మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి తలుపులో తల వంచి, కాలెత్తి దాటాలి. వైస్ ప్రెసిడెంట్ గారికీ మినహాయింపు లేదు. ఒకరినొకరు "తల జాగ్రత్త" అని హెచ్చరించుకుంటూ ఆ ఇరుకు పడకలూ, వంటగదీ చూసి బయటపడేసరికి సగం బెరుకు పోతుంది. బయట నిలబడి ముంత మసాలా తింటే మిగతా సగమూ పోతుంది. మ్యూజియంకి సోమవారం సెలవు, మిగతా రోజుల్లో వేళలు ముందే కనుక్కోండి.

తొట్లకొండ బౌద్ధారామం, సింహాచలం లాంటివి హడావుడిగా ఇరికించకండి. అంత ఆశ ఉంటే ఒక రోజు సెలవు పెట్టి ఉండిపోండి. ఆ రోజు గది అద్దె, క్యాబ్ మీ జేబులోంచే. ఆఫీసు బిల్లులో కలిపితే అకౌంట్స్ వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. సెషన్ ఎగ్గొట్టాలా అంటారా? నిద్రొచ్చేదైతే ఎగ్గొట్టండి, మీ బాస్ మాట్లాడేదైతే వద్దు.

రాత్రి విందులో మందు ముట్టకపోతే కలవలేమన్న బెంగ అక్కర్లేదు. చేతిలో నిమ్మరసం గ్లాసున్నా ఎవరూ పట్టించుకోరు. మీ ఆఫీసు గుంపును మాత్రం వదలండి.

పరిచయమైన వాళ్లకు ఆ రాత్రే మెసేజ్ పెట్టండి. "పొద్దున బీచ్‌లో చెప్పారే, ఆ సాఫ్ట్‌వేర్ పేరు పంపుతారా?" అంటే చాలు. నెల తర్వాత "గుర్తున్నానా సార్?" అని పెడితే, పాపం ఆయన మీ ప్రొఫైల్ ఫొటో పెద్దది చేసుకుని చూసి, "ఎవరబ్బా!" అని తల గోక్కుంటాడు.